పద్దెనిమిది లైన్ల ప్యాకేజీకి లైసెన్సు సవరణ

ఆ సర్క్యులరు సోమవారం పొద్దున వచ్చింది. బుధవారానికల్లా ఆఫీసులో అందరూ దాన్ని మెచ్చుకోవడం పూర్తి చేశారు. గురువారం మధ్యాహ్నం మొదటిసారి ఒక మనిషి దాన్ని చదివింది.

చదివిన మనిషి కడలి సత్యవేణి. గోదావరి లంకల వరద సమాచార కేంద్రంలో ఔట్‌సోర్సింగ్ ప్రోగ్రామరు. ఆ కేంద్రంలో సాఫ్ట్‌వేరు గురించి తెలిసింది ఆమె ఒక్కదానికే. అందువల్ల సాఫ్ట్‌వేరుకు సంబంధించిన నిర్ణయాలన్నీ ఆమెను అడక్కుండానే జరిగిపోయేవి.

ఆమె చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. బ్యారేజీ దగ్గర నీటిమట్టం పెరిగిందని తెలియగానే తన కంప్యూటర్లో ఒక మీట నొక్కేది. నలభై ఆరు లంక గ్రామాల్లో పదకొండు వేల ఫోన్లు ఒకేసారి మోగేవి. "వరద వస్తోంది. పిల్లల్ని, పశువుల్ని తీసుకుని గట్టు మీదకు వచ్చెయ్యండి" అని సత్యవేణి గొంతే వినిపించేది. ఈ ఏర్పాటు మొదలైన మూడేళ్లలో లంకల్లో ఒక్క ప్రాణం పోలేదు. ప్రాణాలు పోకపోవడంతో అలాంటి ఏర్పాటు ఒకటుందని పై ఆఫీసులో ఎవరికీ తెలియలేదు.

సర్క్యులరు ఇలా ఉంది. "శాఖ యందు వినియోగింపబడుచున్న ప్రతి సాఫ్ట్‌వేరునకును, దాని యందలి ప్రతి భాగమునకును సరియైన లైసెన్సు వివరములు ఉండవలెను. లేని యెడల సరిచేయబడవలెను. సరిచేయబడు వరకు వినియోగము నిలుపుదల చేయబడవలెను."

నిజానికి ఇందులో తప్పేమీ లేదని సత్యవేణికి అనిపించింది. ఈ రోజుల్లో సాఫ్ట్‌వేరు మొత్తాన్ని ఎవరూ తామే కూర్చుని రాయరు. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు రాసి, కావలసినవాళ్లు వాడుకోండని ఇంటర్నెట్లో పెట్టేసిన చిన్న చిన్న ముక్కల్ని తెచ్చి అతుకుతారు. వాటిని ప్యాకేజీలంటారు. ప్రతి ప్యాకేజీలోనూ వాడకం షరతులు రాసిన లైసెన్సు కాగితం ఒకటి, ఆ లైసెన్సు పేరేమిటో ఒక్క మాటలో చెప్పే చీటీ ఒకటి ఉంటాయి. ఎవరి కష్టాన్ని ఏ షరతు మీద వాడుకుంటున్నామో తెలిసి ఉండటం మంచిదే కదా అనుకుని, సత్యవేణి రెండు రోజులు కూర్చుని తన సాఫ్ట్‌వేరులో ఉన్న నాలుగు వందల పన్నెండు ప్యాకేజీలనూ ఒక్కొక్కటే విప్పి చూసింది.

నాలుగు వందల పదకొండు సరిగ్గా ఉన్నాయి. ఒక్కటి లేదు. తేదీల్లో ఒంటి అంకె వస్తే దాని ముందు సున్నా పెట్టే పద్దెనిమిది లైన్ల ముక్క అది. లోపల ఎంఐటీ అనే లైసెన్సు పాఠం మొత్తం శుభ్రంగా ఉంది. ప్రపంచంలో సగం ప్యాకేజీలకు ఉండే లైసెన్సే అది. పైన చీటీలో మాత్రం లైసెన్సు పేరు ఉండాల్సిన చోట "పేర్కొనలేదు" అని ఉంది. రాసినాయన మరిచిపోయాడు, అంతే.

ఆ వరసను చూడనట్టు వదిలేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ సత్యవేణికి ఉన్నది ఉన్నట్టు రాసే జబ్బుంది. "ఒక ప్యాకేజీ చీటీలో ఒక మాట సవరించవలసి ఉన్నది" అని రాసి, కాగితం సూపరింటెండెంటు సుగుణాకరరావు బల్ల మీద పెట్టింది.

సుగుణాకరరావుది ముప్పై నాలుగేళ్ల సర్వీసు. కాగితాన్ని రెండు వైపులా చూసి కళ్లజోడు పెట్టుకున్నాడు.

"లైసెన్సుదారు ఎవరు?"

"మార్సెలో అండి. ఉరుగ్వే దేశంలో పశువుల డాక్టరు."

"పశువుల డాక్టరుకి సాఫ్ట్‌వేరు లైసెన్సు ఎవరిచ్చారమ్మాయ్?"

"ఆయనకెవరూ ఇవ్వలేదు సార్. ఆయనే మనకిచ్చాడు."

"మనకా? మనం దరఖాస్తు పెట్టామా?"

"అక్కర్లేదు సార్. ఎవరైనా వాడుకోవచ్చు."

సుగుణాకరరావు లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "దరఖాస్తు పెట్టకుండా లైసెన్సు వచ్చిందని బయట అనకు. నీ మంచికే చెబుతున్నా. సరే, గడువు ఎంతవరకు?"

"గడువు లేదు సార్."

ఆయన ఫారంలో ఆ గడికి ఎదురుగా "గడువు లేదు" అని రాశాడు. సాయంత్రానికి ఆ ఫైలు చదివిన ప్రతి అధికారికీ లైసెన్సు కాలం చెల్లిపోయిందని అర్థమైంది.

"ఇంతకీ లైసెన్సు పేరేమన్నావ్?"

"ఎంఐటీ సార్."

సుగుణాకరరావు ముఖం విప్పారింది. ఊరి చివర మారుతీ ఇంజనీరింగు కాలేజీ ఉంది. దాన్ని ఊళ్లో అందరూ ఎంఐటీ అంటారు. ఆయన తోడల్లుడి కొడుకు అక్కడే చదివాడు. అది వేరు, ఇది వేరు అని సత్యవేణి చెప్పబోయేలోపే ధ్రువీకరణ కోరుతూ కాలేజీకి లేఖ వెళ్లిపోయింది. ప్రిన్సిపాలు చాలా మర్యాదస్తుడు. నాలుగో రోజే సమాధానం పంపాడు. మార్సెలో అను వ్యక్తి తమ కళాశాలలో ఏనాడూ విద్యార్థి కాదనీ, అతనికి తాము ఏ విధమైన లైసెన్సూ జారీ చేయలేదనీ సంతకం పెట్టి, రౌండు సీలు వేశాడు.

అంతవరకు చీటీలో ఒక మాట లేదు, అంతే. ఇప్పుడు అది నకిలీ లైసెన్సు కేసు అయింది.

సత్యవేణి ఇక లాభం లేదనుకుని మార్సెలోకే నేరుగా ఈమెయిల్లో ఉత్తరం రాసింది. ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది. తప్పు తనదేననీ, సరిచేశాననీ, ఇంత శ్రద్ధగా చూసి చెప్పినందుకు ధన్యవాదాలనీ రాశాడు. తన ముక్కను వరద హెచ్చరికలకు వాడుతున్నారని తెలిసి తన భార్యకు కూడా చెప్పానని చివర రాశాడు. ఆ ఉత్తరాన్ని అచ్చు తీసుకుని సత్యవేణి సంతోషంగా డైరెక్టరు గదిలోకి వెళ్లింది.

డైరెక్టరు వేమకోటి పరాంకుశం మాట్లాడుతుంటే ఎవరో నోట్ ఫైలు పైకి చదువుతున్నట్టుండేది. జూన్‌లోనే ప్రమోషన్ మీద వచ్చాడు. ఉత్తరాన్ని వేలికొసలతో పట్టుకుని చదివాడు.

"తప్పు చేసినది ఎవరు?"

"ఆయనే సార్."

"సవరించినది ఎవరు?"

"ఆయనే సార్."

"అనగా, నిందితుడే విచారణ జరిపి, నిందితుడే తీర్పు వ్రాసుకొనినాడు. ఇరవై నిమిషములలో!" పరాంకుశం కుర్చీలో వెనక్కి వాలాడు. "రేషను కార్డునందు ఒక అక్షరము మార్చుటకు ఈ జిల్లా యందు ఎన్ని రోజులు పట్టునో తెలియునా?"

"మూడు నెలలు సార్."

"ఒక అక్షరమునకే మూడు నెలలు. ఇచ్చట ఒక మాట మొత్తము మారినది. ప్రభుత్వమనిన పద్ధతి యుండవలెను గదా అమ్మా!"

పద్ధతి ఆ సాయంత్రమే తయారైంది. మార్సెలో రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలతో, గెజిటెడ్ అధికారి ధ్రువీకరించిన నివాస పత్రంతో స్వయంగా హాజరు కావాలి. ఆ వెటర్నరీ డాక్టరుకు అటెస్టు చేయడానికి ఉరుగ్వేలో గెజిటెడ్ అధికారులు ఉన్నారో లేదో కనుక్కోవడానికి వేరే ఫైలు తెరిచారు. ఇవన్నీ కాక, ప్రజల నుంచి అభ్యంతరాలు కోరుతూ పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి.

ప్రకటన వచ్చింది. "ఫలానా ప్యాకేజీ యొక్క లైసెన్సు 'పేర్కొనలేదు' నుండి 'ఎంఐటీ'గా మార్చబడుటపై ఆక్షేపణలున్న వారు ముప్పది దినములలోగా తెలుపవలెను." అలాంటిది ఎవరు చదువుతారులే అనుకుంది సత్యవేణి. పదిహేడు అభ్యంతరాలు వచ్చాయి. ఒకాయన తన వీధిలో దీపం వెలగడం లేదని రాశాడు. ఒకావిడ తన మొగుడి లారీ లైసెన్సు రద్దు చేసి ఇంటికి పంపమని కోరింది. బీసీ కాలనీవాళ్లు తమ కాలనీలో ఏ ప్యాకేజీ ఇచ్చినా ముందు రోడ్డు వేశాకే ఇవ్వాలని డెబ్బై మంది సంతకాలతో పెట్టారు. అన్నిటికీ నంబర్లు వేశారు. అన్నిటినీ విచారించి పరిష్కరించేదాకా ప్యాకేజీ సవరణ కుదరదు.

ప్యాకేజీ సవరణ కుదిరేదాకా సాఫ్ట్‌వేరు వాడకం నిలుపుదల.

"సార్, ఇది ఆగస్టు నెల," అంది సత్యవేణి. "భద్రాచలం దగ్గర నీళ్లు పెరుగుతున్నాయి. హెచ్చరికలు ఆపితే లంకల్లో ఎవరికీ తెలియదు."

"తెలియపరచుట మన ధర్మము. అయినను లైసెన్సు లేని సాఫ్ట్‌వేరు ద్వారా తెలియపరచుట నేరము."

"పోనీ నేను ఊరూరికీ ఫోను చేసి చెబుతాను సార్."

పరాంకుశం ఆమెను జాలిగా చూశాడు. "ఆ ఫోనునందు సాఫ్ట్‌వేరు లేదా?"

ఉంది. వేల ప్యాకేజీలున్నాయి. లిఫ్టులోనూ ఉంది, హాజరు మిషన్లోనూ ఉంది, డైరెక్టరు గారి కారులోనూ ఉంది. ఆ మాట పొరపాటున సత్యవేణి నోటి వెంట వచ్చేసింది. మర్నాటి నుంచి లిఫ్టు ఆగింది. హాజరు మిషను ఆగింది గనుక ఎవరూ ఆఫీసుకు రానట్టే లెక్క. కారు మాత్రం, అది డైరెక్టరు గారిది గనుక, పరిశీలనలో ఉంచుతూ నడిపారు.

హెచ్చరికల సంగతి ఆలోచించడానికి కమిటీ కూర్చుంది. సాఫ్ట్‌వేరు లేకుండా ఊళ్లకు కబురు చెప్పే సాధనం ఏమిటని గంటన్నర చర్చించి, చివరికి డప్పు అని తేల్చారు. తీర్మానం అచ్చు కాగానే, డప్పులో సాఫ్ట్‌వేరు లేదని ప్రోగ్రామరు ధ్రువీకరించాలని సుగుణాకరరావు గుర్తు చేశాడు. సత్యవేణి డప్పును తెప్పించుకుని చూసింది. తోలు, చెక్క చట్రం, బిగించిన తాళ్లు. "పరిశీలించితిని. సాఫ్ట్‌వేరు కనబడలేదు" అని రాసి సంతకం పెట్టింది. ఆ సంతకం పెడుతుంటే, ఆరేళ్లు కష్టపడి చదివిన చదువు గుర్తొచ్చింది.

డప్పు కొట్టే మనిషి ఒక్కడే దొరికాడు. నలభై ఆరు లంకలు, మధ్యలో ఏడు పాయలు. నాలుగు రోజుల్లో ఆయన మూడు లంకలు పూర్తి చేశాడు.

అయిదో రోజు, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు బ్యారేజీ నుంచి కబురొచ్చింది. రెండో ప్రమాద హెచ్చరిక దాటింది, ఇంకా పెరుగుతోంది, సాయంత్రానికి లంకలు మునుగుతాయి. సత్యవేణి ఆ కాగితం పట్టుకుని డైరెక్టరు గదికి పరిగెత్తింది. ఆయన అభ్యంతరాల విచారణలో ఉన్నాడు. లారీ డ్రైవరు భార్య వాంగ్మూలం నడుస్తోంది.

"క్రమసంఖ్య ఆరు పూర్తి కానిండు," అన్నాడు పరాంకుశం తల ఎత్తకుండా.

ఆమె తన బల్ల దగ్గరకు వచ్చేసరికి ఫోను మోగుతోంది. కొంగలలంక నుంచి మల్లాడి పోసియ్య. పడవ నడుపుతాడు. మూడేళ్లుగా ప్రతి హెచ్చరికకీ మొదట తిరిగి ఫోను చేసేది ఆయనే.

"ఆయ్, నేనండి, పోసియ్యనండి. నీళ్లు ఎర్రబడ్డాయండి సత్తెవేణి గారూ. సుడులు కూడా గట్టిగా తిరుగుతున్నాయండి. ఎళ్లిపోదాం పదండ్రా అంటే మావోళ్లు ఒక్కళ్లూ కదలట్లేదండి."

"ఎందుకు కదలట్లేదు పోసియ్య గారూ?"

"మీరు ఫోను చెయ్యలేదు కదండీ! మీరు చెప్పలేదంటే వరద లేనట్టే కదా, నీకు భయమెక్కువ అంటన్నారండి నన్ను."

సత్యవేణికి అప్పుడు అర్థమైంది. తన గొంతు వినబడకపోవడం కూడా వాళ్లకు ఒక కబురే. ఏమీ భయం లేదు, పడుకోండి అని నాలుగు రోజులుగా తానే పదకొండు వేల ఇళ్లకు చెబుతున్నట్టయింది.

కంప్యూటరు మీద ఎర్ర అక్షరాలతో అంటించిన "వినియోగము నిలుపుదల" కాగితాన్ని ఊడబీకింది. ఉద్యోగం గుర్తొచ్చింది. ఇంటి అద్దె గుర్తొచ్చింది. అయినా మీట నొక్కింది. నలభై ఆరు ఊళ్లలో ఫోన్లు మోగాయి. అరగంటలో మొదటి పడవలు గట్టుకు చేరాయి. ఏడింటికి లంకల్లో చూరులు మాత్రమే కనబడుతున్నాయి. కింద మనుషులెవరూ లేరు.

దురదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. పోయి ఉంటే అది ప్రకృతి వైపరీత్యం అయ్యేది. పోలేదు గనుక నిబంధనల ఉల్లంఘన అయింది.

మూడో రోజున పరాంకుశం ఉత్తర్వు వెలువడింది. లైసెన్సు లేని సాఫ్ట్‌వేరు ద్వారా వెళ్లిన హెచ్చరిక చెల్లదు. చెల్లని హెచ్చరిక ఇవ్వబడని హెచ్చరికతో సమానం. హెచ్చరిక లేకుండానే గట్టుకు వచ్చినవారు వరద బాధితులు కారు, "స్వచ్ఛందముగా విహారార్థము విచ్చేసిన వారుగా పరిగణింపబడుదురు." కాబట్టి పునరావాస శిబిరంలో వారికి బియ్యం, పిల్లలకు పాలు నిలుపుదల. ప్రోగ్రామరు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

సత్యవేణి ఆ కాగితం పట్టుకుని జూనియర్ కాలేజీలో పెట్టిన శిబిరానికి వెళ్లింది. వరండా నిండా తడి బట్టలు ఆరేసి ఉన్నాయి. పొయ్యిలు వెలగలేదు. చంటిపిల్లలు ఏడుస్తున్నారు. పోసియ్య గేదె పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఆయ్, రండి రండి," అని లేచాడు. "మేం విహారానికొచ్చామంటండి. ఇందాక బియ్యం ఆపేసినాయన చదివి చెప్పాడండి. గేదెల్తో, ముసలోళ్లతో విహారమేంటండీ అని అడిగితే, అది నా చేతిలో లేదన్నాడండి."

ఆయన నవ్వుతూనే అన్నాడు. సత్యవేణికి నవ్వు రాలేదు. జీవితంలో మొదటిసారి ఆమెకు నిబంధన మీద ప్రేమ పుట్టింది. ఆఫీసుకు తిరిగి వెళ్లి, డైరెక్టరు గారి ఉత్తర్వు టైపు చేసిన కంప్యూటరు తెరిచి, టైపింగు సాఫ్ట్‌వేరులో ఉన్న ప్యాకేజీలన్నిటినీ ఒక్కొక్కటే విప్పి చూసింది. తర్వాత తెల్ల కాగితం, బాల్‌పెన్ను తీసుకుని చేత్తో సంజాయిషీ రాసింది.

"అయ్యా, తమరి ఉత్తర్వు టైపు చేయబడిన సాఫ్ట్‌వేరునందు రెండు వందల పదమూడు ప్యాకేజీలు గలవు. అందు తొమ్మిదింటి లైసెన్సు వివరములు 'పేర్కొనలేదు' అని యున్నవి. కావున సదరు ఉత్తర్వు చెల్లదు. నిలుపుదల ఉత్తర్వు కూడ అదే కంప్యూటరున టైపు చేయబడినందున అదియును చెల్లదు. ఆ కంప్యూటరున జూను మాసము నుండి టైపు చేయబడిన సమస్త ఉత్తర్వుల జాబితా తమరి పరిశీలనార్థము జతపరచడమైనది."

పరాంకుశం సంజాయిషీని చిరునవ్వుతో చదవడం మొదలుపెట్టాడు. జాబితాలో నాలుగో వరస దగ్గర చిరునవ్వు ఆగింది. అది ఆయన ప్రమోషన్ మీద చేరినట్టు జారీ అయిన ఉత్తర్వు.

"సుగుణాకరరావు గారూ," అన్నాడు. ఆ కంఠంలో మొట్టమొదటిసారి మామూలు తెలుగు వినిపించింది. "ఇది నిజమేనా? నేనిప్పుడు డైరెక్టర్ని కాదా?"

"ఫైలు ప్రకారం కాదండి."

"మరి ఈ కుర్చీలో ఎందుకున్నాను?"

"విహారార్థం అనుకోవచ్చండి," అన్నాడు సుగుణాకరరావు. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి కాబట్టి వెంటనే దగ్గాడు.

సర్క్యులరును తమ వరద కేంద్రానికి వర్తించకుండా వెనకటి తేదీ నుంచి సడలించడం తప్ప దారి లేకపోయింది. ఆ సడలింపు కంప్యూటరులో టైపు చేస్తే చెల్లదు. చేత్తో రాయాలి. ఆఫీసులో పర్మనెంటు ఉద్యోగుల్లో సంతకం తప్ప చేత్తో మరేదీ రాయగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు, సుగుణాకరరావు తప్ప. ఆయన చొక్కా చేతులు మడిచి, ముత్యాల్లాంటి అక్షరాలతో, కొట్టివేతల్లేకుండా రెండు గంటలు రాశాడు. ప్రజాహితము దృష్ట్యా సదరు నిలుపుదల మొదటి నుండియు లేనట్లే భావింపవలెను అని ముగించి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసుకున్నాడు. సర్వీసు మొత్తంలో ఎవరికైనా అన్నం పెట్టిన కాగితం తాను రాయడం ఇదే మొదటిసారి అని ఆయన సత్యవేణితో అన్నాడు. ఆ పూట శిబిరంలో పొయ్యిలు వెలిగాయి.

సెప్టెంబరు మూడో వారంలో పరాంకుశానికి సన్మానం జరిగింది. సకాల నిర్ణయాలతో లంకల్లో ప్రాణనష్టం జరగకుండా చూసినందుకూ, లైసెన్సు సవరణలో జిల్లాకే మార్గదర్శకుడైనందుకూ పై ఆఫీసువాళ్లు శాలువా పంపారు. ఆఫీసు మొత్తం కింద హాల్లోకి దిగింది. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు కుర్చీలు సరిపోవని సత్యవేణిని పైనే ఉండమన్నారు. ఆమెకు అదే నయమనిపించింది. పొద్దుటి నుంచి బ్యారేజీ దగ్గర నీళ్లు మళ్లీ పెరుగుతున్నాయి.

మైకులో ఎవరో, "ఆ రోజు ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఆ మీట నొక్కించిన మహానుభావుడు" అంటున్నారు. చప్పట్లు మెట్ల మీదుగా పైకి వచ్చాయి. సత్యవేణి నీటిమట్టం అంకె మరోసారి సరిచూసుకుని మీట నొక్కింది.

రెండు నిమిషాలకు ఫోను మోగింది.

"ఆయ్, పోసియ్యనండి. బయల్దేరామండి అందరం. చీకటి పడకముందే గట్టెక్కేస్తామండి." వెనక గేదెల మెడలో గంటలు, ఎవరో ఎవర్నో పిలుస్తున్న కేకలు వినబడుతున్నాయి. "మీరు భోంచేశారాండి?"